పదకొండో నెలలో తిరిగొచ్చే రింగు

మంగళవారం, జూన్ 4

పిన్నీ,

ఈ ఉదయం ఒక చీమ బార్‌కోడ్ మీద నడుస్తోంది. నేను స్కానర్ నొక్కేసరికి అది సరిగ్గా రెండు గీతల మధ్య ఉంది. యంత్రం చీమను కూడా ఒక గీతగా చదువుకుని, ఇలాంటి సరుకు లేదని ఎర్ర అక్షరాల్లో చెప్పింది. సరుకు నా చేతిలోనే ఉంది. చీమ అంచు దాటేదాకా ఆగి మళ్ళీ నొక్కాను. అప్పుడు ఉందంది.

పెట్టెలు విప్పే బల్ల దగ్గర అదే నా ఆఖరి పెట్టె. ఇవాళ్టి నుంచి నన్ను సమాచార విభాగంలో వేశారు. మేడ మీద గది. కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది. ఎవరూ లేనప్పుడు ఒక చుట్టు తిరిగి చూశాను. కిటికీలోంచి లోడింగు అరుగు, దాని వెనక గేటు కనిపిస్తాయి. ఇక సరుకు ముట్టుకునే పని లేదు. ఆసుపత్రి యంత్రాల సామాను దాచే అయిదు డిపోలు పంపే కాగితాలు చూసి, ఎక్కడ ఏముందో కంప్యూటర్లో సరిచూడాలి. మీ డిపో కూడా నా వంతుకే వచ్చింది. నీ డిపోలో పెట్టెల వెనక కూర్చుని పదేళ్ళు పుస్తకాలు చదువుకున్నాను. ఇప్పుడు ఆ పెట్టెలనే దూరం నుంచి చదువుతున్నాను.

మొన్న మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. చెప్పినాయన బోర్డు మీద రెండు గీతలు గీశాడు. ఒకటి సరుకు నడిచే దారి, రెండోది సమాచారం నడిచే దారి. రెండూ ఒకేసారి చేరాలన్నాడు. సరుకు ముందొస్తే దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియదు. సమాచారం ముందొస్తే లేని సరుకు కోసం అందరూ వెతుకుతారు. లాజిస్టిక్స్ అంటే ఇంతేనన్నాడు. నాకు నువ్వు గుర్తొచ్చావు. ఆసుపత్రి నుంచి ఫోన్ రాగానే విడిభాగాన్ని బండి ఎక్కించేసి, కాగితం సాయంత్రం తీరిగ్గా రాసేదానివి. ఆయన ముందు నీ సంగతి ఎత్తలేదు.

ఇక అసలు విషయం. డయాలిసిస్ యంత్రం పంపులో వేసే రబ్బరు రింగు, పాత మోడలుది, మీ డిపో నుంచి ఆసుపత్రికి వెళ్తుంది. నాలుగు రోజులకు వాడకుండానే తిరిగొస్తుంది. పదకొండు నెలలు కదలదు. మళ్ళీ వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. ఆరేళ్ళుగా ఇదే వరస. ఇంకో పది రకాల సామాను కూడా ఇలాగే తిరుగుతోంది. మీ ఆసుపత్రి వాళ్ళు అంత మతిమరుపు మనుషులా? లేక మీ గుమాస్తా పాత చీటీనే మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తున్నాడా? వచ్చే నెల తనిఖీ ఉంది. పొరపాటని తేలితే మాట నీకొస్తుంది. నువ్వు సరేనంటే కంప్యూటర్లోంచి ఆ వరసలన్నీ తీసేస్తాను. వద్దంటే ఊరుకుంటాను.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్‌లో నాకు మాట రాదు, నీకు సరిగా వినపడదు. పది నిమిషాలు ఇద్దరం హలో అనుకుని పెట్టేస్తాం. అందుకే ఎప్పటిలాగే ఉత్తరాన్ని మీ లారీలో వచ్చే నీలం కాగితాల సంచిలో పెడుతున్నాను. లారీ రేపు నీ దగ్గరికి వచ్చి గురువారం ఇక్కడికి తిరిగొస్తుంది. సంచి విప్పేచోట నిలబడతాను.

నీ పుస్తకం


బుధవారం, జూన్ 5

ఒసేయ్ పుస్తకం,

నీ చీమా, తిరిగే కుర్చీ కనపడ్డాయి కానీ వాటిని తీరిగ్గా చదువుకుంటా. లారీ గంటలో వెనక్కి వెళ్ళిపోతోంది. పేజీ తిప్పి రింగు అన్న మాట చూడగానే కలం తీశా. మిగతా ఉత్తరం ఇంకా చదవనేలేదు.

ఆ వరసలు ముట్టుకోకు. పొరపాటు గుమాస్తాది కాదు. అసలు పొరపాటే కాదు. రాసేది నేనే.

ఏడాది పాటు కదలకపోతే మీ కంప్యూటరుకి అది చచ్చిన సరుకు. వెనక్కి పిలిపించి తుక్కులో పోస్తారు. ఆ రింగు చేసే కంపెనీ మూతపడి ఏళ్ళయింది. ఇక్కడి ఆసుపత్రిలో ఆ మోడలు యంత్రం ఒక్కటే ఉంది, కొత్తది కొనే స్తోమత వాళ్ళకు లేదు. రింగు ఏడెనిమిదేళ్ళకోసారి చిరుగుతుంది. చిరిగిన రోజున నా అర మీద లేకపోతే ఇంకెక్కడా దొరకదు. నా దగ్గర ఇప్పుడు మిగిలింది ఒక్కటి. అందుకని ఏడాది నిండకముందే, పదకొండో నెలలో, అది వెళ్ళినట్టు ఒక చీటీ, తిరిగొచ్చినట్టు ఒక చీటీ రాస్తా. రింగు అంగుళం కదల్లేదు. కాగితం వెళ్ళింది, కాగితమే వచ్చింది. మీ కంప్యూటరు పాపం సంబరపడింది.

దర్జీ గుర్తున్నాడుగా? నీ బడి యూనిఫాం అంచులు విప్పి రెండుసార్లు పొడుగు చేసి ఇచ్చినాయన. వారానికి మూడు రోజులు ఆ యంత్రం పక్కన నాలుగేసి గంటలు కూర్చుంటున్నాడు. మొన్న కనపడి, "నా ఒంట్లో రక్తమంతా మీ రబ్బరు ముక్క చుట్టూ తిరుగుతోందటమ్మా, రెండో ముక్కని కాస్త చల్లగా చూసుకోండి" అన్నాడు. చల్లగానే చూసుకుంటున్నా. రబ్బరు ఎండిపోకుండా పసిపిల్లకి రాసినట్టు పౌడరు రాసి పెట్టా.

ఆ అర మీద అలాంటివి పదకొండు పెట్టెలున్నాయి. అన్నిటికీ ఎర్ర దారం కట్టి ఉంటుంది. ఎన్ని యంత్రాలు దానిమీద ఆధారపడి ఉంటే అన్ని ముడులు. ఒక్క ముడే ఉన్నదాన్ని మరీ జాగ్రత్తగా చూడాలి, దాన్ని అడిగేవాళ్ళు అరుదు కాబట్టి దాన్నే ముందు పారేస్తారు. చిన్నప్పుడు నువ్వు ఆ ముడులు లెక్కపెట్టి ఆడుకునేదానివి. ఎందుకున్నాయని ఒక్కసారీ అడగలేదు.

ఇది సంచిలో పెట్టట్లేదు. సంచి అయితే మీ ఆఫీసులో నలుగురి చేతుల మీదుగా వస్తుంది. తిరిగి పంపుతున్న ట్యూబుల పెట్టెలో, పై మూత కిందే పెడుతున్నా. ఎలాగూ పెట్టెలు విప్పేది నువ్వేగా. ఆ పెట్టెకి కాగితం తర్వాత పంపుతా, ఇప్పుడు రాసే టైము లేదు.

మీ ఆఫీసరు ముందు నోరు మెదపకు. అది నీకు పుట్టుకతో వచ్చిన విద్యేలే.

మీ పిన్ని


శుక్రవారం, జూన్ 14

పిన్నీ,

ఆరో తేదీ సంచిలో నీ రశీదులు పద్నాలుగున్నాయి. ఉత్తరం లేదు. పదో తేదీ సంచిలో లేదు. నిన్నటి సంచిలో మీ గుమాస్తా రాసిన చీటీ ఒకటి ఉంది, టేపు రోళ్ళు కావాలని.

మధ్యలో రెండు లారీలు వెళ్ళాయి. నేనూ రాయలేదు. నీ మాట వచ్చాక రాద్దామని ఆగాను. గదికీ గోదాముకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను. నీకు కోపం వచ్చిందేమోనని ఒకసారి, ఒంట్లో బాగాలేదేమోనని ఒకసారి అనుకున్నాను. నేను ఇక్కడ ఉద్యోగానికి వస్తానన్న రోజు నువ్వు "వెళ్ళు" అని ఒక్క మాటే అన్నావు. తర్వాత టేపు తీసుకుని, అంతకుముందే మూసిన పెట్టెకు మళ్ళీ చుట్టావు. నేను చూశాను. డిపోలో నీ తర్వాత కుర్చీ నాదేనని నువ్వు అనుకుంటున్నావని నాకు తెలుసు. ఆ సంగతి మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

చివరికి ఇలా ఆలోచించాను. నీకు ఏదైనా ఇష్టం లేకపోతే వీధి చివరిదాకా వినపడేలా చెబుతావు. చెప్పలేదంటే సరేనన్నట్టే. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన లెక్క ఇదే. మంగళవారం ఆ వరసలన్నీ తీసేశాను. అరగంట పని. బడిలో సిస్టర్ చెప్పినట్టు తప్పు మాటను ఒకే గీతతో కొట్టి పక్కన సరైనది రాసినంత తృప్తిగా అనిపించింది.

ఆ తృప్తి రెండు రోజులే ఉంది. నిన్న పొద్దున కంప్యూటరు తనంతట తానే ఒక జాబితా అచ్చు వేసింది. మీ డిపో నుంచి వెనక్కి రావలసిన సరుకు, పదకొండు పెట్టెలు. ఆరేళ్ళుగా కదలలేదని కారణం. నేను అడగలేదు. ఆఫీసరు దాన్ని చూసి "బాగా పట్టుకున్నావమ్మా" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది. కింద సంతకం నన్నే చేయమన్నాడు. చేశాను.

జాబితా ఈ ఉత్తరంతోపాటే, ఇవాళ్టి లారీలో వస్తుంది. అవి నిజంగా ఎవరికీ అక్కర్లేనివే కదా? అవునని ఒక్క ముక్క రాయి.

మీ నుంచి వచ్చిన ట్యూబుల పెట్టె ఒకటి కింద పక్కన పెట్టి ఉందట. దానికి కాగితం లేదట. కాగితం వచ్చేదాకా విప్పరు. ఎప్పటిలాగే మరిచిపోయావు.

నీ పుస్తకం


శనివారం, జూన్ 15

గౌరవనీయులైన సమాచార విభాగం వారికి,

తమరు పంపిన జాబితా ప్రకారం పదకొండు పెట్టెలను ఈరోజు లారీకి ఎక్కించడమైనది. లెక్క సరిపోయినది. అర ఖాళీ అయినది. దుమ్ము కూడా తుడిపించడమైనది.

ఇక్కడితో ఆఫీసు భాష అయిపోయింది.

నీకు అన్నీ విడమరిచి రాశా. దర్జీ సంగతి రాశా. ముడుల సంగతి, నా ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పనిది, నీకు రాశా. నా ఉత్తరం చదివి కూడా ఈ జాబితా కింద సంతకం పెట్టగలిగావా? అంత చక్కటి దస్తూరీతో? సంచిలో నీ ఉత్తరం ఒకటుంది. విప్పలేదు. విప్పను. సంతకం చూశాను, అది చాలు.

పెట్టెలు మోస్తుంటే డ్రైవరన్న "ఏంటమ్మా, అర మొత్తం తీసుకెళ్ళమంటున్నారు, డిపో ఎత్తేస్తున్నారా?" అన్నాడు. తెలియదు నాయనా, మా అమ్మాయిని అడుగు, ఇప్పుడు అన్నీ ఆమెకే తెలుసు అన్నా.

ఆ రింగు చిరిగిన రోజున దర్జీకి నీ అడ్రసు ఇస్తా. నువ్వే జవాబు చెప్పుకో.

కనీసం ఆ దారాలు తెంపకుండా ఉంచమనండి.

ఇట్లు,
డిపో ఇన్‌ఛార్జి


మంగళవారం, జూన్ 18

పిన్నీ,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో ఆపి తిట్టకు, చివరిదాకా చదివి తిట్టు.

ఎనిమిదింటికి లారీ వచ్చింది. హమాలీ తాత మీ పెట్టెలు అరుగు మీద దించాడు. కిటికీ కిందకు వచ్చి పైకి చూసి, "అమ్మా, వీటికి దారాలున్నాయి, చీటీ అంటట్లేదు, ఏం చెయ్యమంటావు?" అని అడిగాడు. ఇక్కడ నన్ను ఎవరైనా అనుమతి అడగడం అదే మొదటిసారి. "తెంపేయండి తాతా" అన్నాను. నా గొంతు బాగా వినపడింది కూడా.

పదకొండింటికి సంచి విప్పారు. నీ ఉత్తరం చదివాను. "నీకు అన్నీ విడమరిచి రాశా" అన్న చోట ఆగిపోయాను. ఏం రాశావు? ఎప్పుడు? నాలుగుసార్లు చదివాక ట్యూబుల పెట్టె గుర్తొచ్చింది. మెట్లు దిగి పరుగెత్తాను. అది కాగితం లేని సరుకు పెట్టే మూలలో ఉంది. మూత ఎత్తితే నీ ఉత్తరం అక్కడే ఉంది, ట్యూబుల మీద, మడత కూడా చెదరకుండా.

పదకొండు రోజులు నీ మాట నా కుర్చీకి నలభై అడుగుల దూరంలో ఉంది. పెట్టెకు కాగితం లేదని ఎవరూ విప్పలేదు. నాకు కావలసిన కాగితం ఆ పెట్టెలోనే ఉంది. పెట్టెలు విప్పే పని మారిందని నా మొదటి ఉత్తరంలో రాశాను. నువ్వు అంతదాకా చదవలేదు. నువ్వు చదవలేదని నాకు తెలియదు. ఎవరి తప్పు ఎంతో తర్వాత పంచుకుందాం. సంతకం మాత్రం నాదే.

ఇప్పుడు పరిస్థితి ఇది. అయిదు డిపోల నుంచి వచ్చిన నూట నలభై పెట్టెలు ఒకే వరసలో పేర్చేశారు. అన్నీ గోధుమ రంగువే. పాత చీటీల మీద కొత్త చీటీలు అంటించారు. కొత్త చీటీ మీద నంబరు తప్ప ఏమీ లేదు. తుక్కుకు వెళ్ళేదాని పేరు ఎవరికీ అక్కర్లేదు కదా. టేపు విప్పి చూడాలంటే ఆఫీసరు సంతకం కావాలి. ఆయన రేపటి నుంచి సెలవు, సోమవారం వస్తాడు. నిన్ననే అడిగాను. "సెలవు నుంచి వచ్చాక చూద్దాం" అన్నాడు. తుక్కు లారీ శుక్రవారం మధ్యాహ్నం వస్తుందన్నాను. నా మాట ఆయనకు వినపడిందో లేదో తెలియదు, మళ్ళీ నా పాత గొంతు వచ్చేసింది.

విప్పకుండా నీ రింగు పెట్టెను ఎలా గుర్తుపట్టాలి? ఏదైనా గుర్తు చెప్పు. బరువు, మచ్చ, ఏదైనా. ఈసారి సంచిలో పెట్టు.

నీ పుస్తకం


బుధవారం, జూన్ 19

అమ్మడూ,

నువ్వు పద్నాలుగున రాసింది కూడా ఇవాళే విప్పా. మొదటి ఉత్తరం కూడా మొదటి నుంచి చదివా. చీమ బాగుంది. ఇంతకంటే సిగ్గుపడే టైము లేదు.

రింగు చిరిగింది. నిన్న మధ్యాహ్నం. దర్జీని పెట్టిన రెండు గంటలకు యంత్రం కింద నీళ్ళు కనపడ్డాయట. ఆపేసి ఇంటికి పంపేశారు. యంత్రాలు బాగుచేసే ఆయన ఏదో టేపు చుట్టి, నా దగ్గరికి వచ్చాడు. అర వైపు చూశాడు. ఖాళీ అర. వెళ్ళేముందు, "ఆదివారం దాకా లాగిద్దామమ్మా, ఆ తర్వాత నా చేతుల్లో లేదు" అన్నాడు. అలాంటి యంత్రమున్న ఇంకో ఆసుపత్రికి బస్సులో అయిదు గంటలు. దర్జీ ఇప్పుడు మెట్లు ఎక్కడానికే గోడ పట్టుకుంటున్నాడు. వారానికి మూడుసార్లు ఆ బస్సులో ఎలా వెళ్తాడు?

ఇవాళ పొద్దున పక్క దుకాణం అమ్మాయితో మీ ఆఫీసుకి ఫోన్ చేయించా. నువ్వు సీట్లో లేవట, గోదాములో ఉన్నావట. ఎవరో మగమనిషి "పేరు చెప్పండి, విషయం చెప్పండి" అన్నాడట. ఆ అమ్మాయి భయపడి పెట్టేసింది. ఏం చెప్పమనగలను?

గుర్తులు చెబుతా, విను. రింగు అసలు అట్టపెట్టెను చెదలు తినేశాయి. అందుకని చెప్పుల డబ్బాలో పెట్టి పైన గోధుమ కాగితం చుట్టా. కాబట్టి మిగతావాటికన్నా చిన్నగా, పొడుగ్గా ఉంటుంది. కానీ అన్ని డిపోల వాళ్ళూ చెప్పుల డబ్బాలే వాడతారు, మనమంతా ఒకే బాపతు. పెద్ద గుర్తు ఏంటంటే, వాసన. ఒక డబ్బా పౌడరు మొత్తం పోశా. నీకు చిన్నప్పుడు రాసిన పౌడరే. అతుకు దగ్గర ముక్కు పెట్టి చూడు.

ఇంకోటి. దొరికితే కాగితం సరిగా రాయించి, అందరి సంతకాలూ తీసుకుని పంపు. నాలాగా చెయ్యకు. నాకు రిటైరవ్వడానికి మూడేళ్ళుంది, నన్ను ఏమన్నా పర్లేదు. నువ్వు ఇప్పుడే మొదలుపెట్టావు. నీ ఉద్యోగానికి మచ్చ రాకూడదు. ఇది మీ పిన్ని మాట.

మీ పిన్ని


శుక్రవారం, జూన్ 21

పిన్నీ,

దొరికింది. డ్రైవరన్న చొక్కా జేబులో ఉంది. సంచిలో కాదు, పెట్టెలో కాదు. ఈ ఉత్తరంతోపాటు నీ చేతికే ఇస్తాడు.

నిన్నంతా, ఇవాళ పొద్దున్నా వాసన చూశాను. తాత మొదట నవ్వాడు. తర్వాత ఆయన కూడా ముక్కు పెట్టడం మొదలుపెట్టాడు. "నాకు బీడీ వాసన తప్ప ఏదీ తెలియదమ్మా, కానీ నువ్వు ఒక్కదానివే వంగుతుంటే చూడలేకపోతున్నా" అన్నాడు. నూట పదహారో పెట్టె.

నేను టేపు విప్పాను.

కాగితం గురించి నువ్వేమీ ఆలోచించకు. లారీ కదులుతోంది.

నీ పుస్తకం


బుధవారం, జూన్ 26

నా తల్లీ,

ఆదివారం పొద్దున రింగు బిగించారు. డ్రైవరన్న శనివారం లారీ దిగీ దిగగానే, ఇంజను ఆపకుండానే జేబులోంచి తీసి ఇచ్చాడు. చొక్కా అంతా పౌడరు. "మా ఇంట్లో అడిగితే నువ్వే సాక్ష్యం చెప్పాలమ్మా" అన్నాడు.

దర్జీ నిన్నటితో రెండుసార్లు పూర్తిగా నాలుగేసి గంటలు కూర్చున్నాడు. నేను వెళ్ళి చూశా. నన్ను చూడగానే "మీ అమ్మాయి పంపిందటగా" అన్నాడు. అవునన్నా. "ఆ పిల్లకి కొలతలు తీసుకుంటుంటే ఊపిరి బిగబట్టేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. మాట్లాడితే ఇంత పని చేసేది కాదేమో" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి చేరాయి, మీ బోర్డు మీద గీతల్లాగా.

మీ శిక్షణలో చెప్పింది ఇప్పుడు తీరిగ్గా చదివా. పెద్ద పేరే పెట్టారు. ఎవరికి ఏది ఎప్పుడు కావాలో కనిపెట్టుకుని ఉండటం, అంతేగా. నేను ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నా, పేరు తెలియక జీతం తక్కువ తీసుకున్నా.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. నేను కనిపెట్టుకున్నదంతా నా బుర్రలోనూ, దారాల్లోనూ దాచుకున్నా. రేపు నేను జారిపడి మంచాన పడితే ఆ అర ఎవరికి అర్థమవుతుంది? నీకే అర్థం కాలేదు, పదేళ్ళు దాని కింద కూర్చున్నదానివి. అడగలేదని నిన్ను అన్నా. చెప్పనిది నేను.

నీ ఆఫీసరు మంచివాడే అయ్యుంటాడు. సెలవులో ఉండి కూడా సంతకం పెట్టాడంటే చిన్న విషయం కాదు. నీ కుర్చీ భద్రంగా ఉంది, అది చాలు నాకు. ఆ కుర్చీలో ఇంకో చుట్టు నా తరఫున తిరుగు.

రింగు ముట్టినట్టు రశీదు పెడుతున్నా, రెండు ప్రతులు. ఈసారి తేదీ, టైము, సంతకం అన్నీ ఉన్నాయి. ఫైల్లో జాగ్రత్తగా పెట్టు. మిగతా పది పెట్టెల సంగతి ఏమైంది? అడగడానికి భయంగా ఉంది, అయినా అడుగుతున్నా.

మీ పిన్ని


శుక్రవారం, జూన్ 28

పిన్నీ,

ఈ ఉదయం మీ లారీ నంబరు పలక మీద ఆఖరి అంకె సగం చెరిగిపోయి ఉంది. ఎనిమిది మూడులా కనిపిస్తోంది. డ్రైవరన్నకు చెప్పాను. "ఇన్నేళ్ళుగా ఎవరూ అనలేదమ్మా" అన్నాడు. రంగు వేయిస్తానన్నాడు.

రింగు పెట్టె మీద దారం నొక్కు చూశాక, అలాంటి నొక్కున్నవి ఏరి పక్కన పెట్టాను, పది పెట్టెల్లో ఏడు దొరికాయి. అవి ఈ లారీలోనే నీ దగ్గరికి వస్తున్నాయి, కాగితాలతో. మూడు తుక్కులో వెళ్ళిపోయాయి. పోయిన శుక్రవారం మధ్యాహ్నం తుక్కు లారీ వచ్చేసరికి నేను చూడని పెట్టెలు ఇంకా ఇరవై నాలుగు మిగిలాయి. వాటికి పౌడరు వాసన కూడా లేదు. ఆ మూడూ ఏవో, ఏ యంత్రాలవో ఇప్పుడు నువ్వే చెప్పాలి. వాటి గురించే రోజూ ఆలోచన వస్తోంది.

కవరులో తొమ్మిది ఎర్ర దారాలున్నాయి. అరుగు పక్క చెత్తబుట్టలోంచి తాత, నేను ఏరాం. రెండు దొరకలేదు. ఏది ఏ పెట్టెదో తెలియదు కానీ ముడులు అలాగే ఉన్నాయి. లెక్కపెట్టాను.

ఆఫీసరు సోమవారం వచ్చాడు. రింగు సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గేటు రిజిస్టర్లో నేనే రాశాను. రబ్బరు రింగు ఒకటి, కాగితం లేదు, టేపు విప్పింది నేను, పంపింది నేను, ఎందుకంటే యంత్రం ఆగిపోయింది, అని నాలుగు వరసలు. మార్జిన్ వదిలి, కింద సంతకం పెట్టాను. నువ్వు లేని ప్రయాణాన్ని కాగితం మీద రాశావు. నేను ఉన్నదాన్ని ఉన్నట్టు రాశాను. ఇద్దరిలో ఎవరిది ఒప్పో నాకు ఇంకా తెలియదు. నాకు మాత్రం అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు.

ఆయన రిజిస్టరు నా ముందు పెట్టి, "ఇది రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా" అన్నాడు.

"తెలియాలనే రాశానండీ."

"ఈ పదకొండో నెల చీటీలేంటి?"

చెప్పాను. క్షమించు. ముడుల గురించి కూడా చెప్పాను. ఆయన ఒక దారం తీసుకుని ముడులు లెక్కపెట్టాడు. తర్వాత అచ్చు ఫారం ఒకటి తీసి పైనుంచి కిందకు చదివి, "ఆవిడ ఇది రాయాలనుకున్నా ఏ గడిలో రాయాలి? గడే లేదు" అన్నాడు. అది నాతో అన్నాడో, ఫారంతో అన్నాడో తెలియదు. మర్నాడు అయిదు డిపోలకూ కొత్త ఫారం వెళ్ళింది. చివర ఒక గడి ఉంది, దీనిమీద ఆధారపడిన యంత్రాలెన్ని అని. అందులో అంకె ఉన్న సరుకును ఏడాది దాటినా వెనక్కి పిలవకూడదు. నీ ముడులన్నీ ఆ గడిలో రాసి పంపు. దారాలు కూడా కట్టు, చీటీ మీదుగా కాకుండా పక్కగా.

నీకు ఒక సంజాయిషీ నోటీసు వస్తుంది. భయపడకు. ఉన్నది ఉన్నట్టు రాయి. తేదీలు నీకు గుర్తులేకపోతే నన్ను అడుగు, ఆరేళ్ళవీ నాకు నోటికి వచ్చు.

దర్జీకి నా నమస్కారం చెప్పు. ఊపిరి బిగబట్టేది కొలత సరిగా రావాలని కాదు, ఆయన చేతిలో గుండుసూదులు ఉండేవి, అందుకని.

నీ పుస్తకం

తా.క. నీ రశీదు రెండు ప్రతులూ సమాచార విభాగంలో కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇచ్చాను. ఈ సోమవారం నుంచి ఆ కుర్చీ ఆమెది. నేను గేటు దగ్గర లారీల నంబర్లు రాస్తున్నాను.